కొలంబో కంటే పొల్లాచ్చి దూరం

మా నాయన దూరాన్ని ఎప్పుడూ కిలోమీటర్లలో చెప్పలేదు. మా తోట నుంచి పొల్లాచ్చి బస్టాండు ఆయనకు ఒక వక్కాకు. ఆకూ వక్కా సున్నం నోట్లో వేసుకుని బయలుదేరితే, ఊసే వేళకు బస్టాండు వస్తుందని అర్థం. పొల్లాచ్చి నుంచి కోయంబత్తూరు రెండు వక్కాకులు. పళని మూడు. అంతకు మించిన దూరాలకు మాత్రం ఆయన గడియారంలోకి దిగుతాడు. మా ఇళ్ళలో గంటను మణి అంటాం. తాతల తాతల నాటి నుంచీ తమిళుల మధ్య ఉంటున్నవాళ్ళం. తెలుగులో మిగిలినవి మిగిలాయి, గడియారం మాత్రం తమిళానికి పోయింది.

నేను కోయంబత్తూరులో విమానాశ్రయం పక్కనున్న పీలమేడులో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వస్తుందని ఏటా కొత్త పిల్లలకు బోర్డు మీద రాసి చూపిస్తాను. మా ఇంట్లో ఆ సూత్రం ఒక్కసారి కూడా పనిచేయలేదు.

ఎందుకంటే మా మేనత్త ఊరు ఎంత దూరమన్నది మా ఇంట్లో పదకొండేళ్ళ తగాదా. మేనత్త నాయనకు అక్క. మదురై దాటాక అరగంట పోతే తిరుమంగలం, అక్కడ ఉంటుంది. ఆమె భర్త, మా మామ, నల్లరేగడిలో పత్తీ సజ్జా పండించే మనిషి. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. నాయన లెక్కలో పొల్లాచ్చి నుంచి వాళ్ళ ఇల్లు ఐదు మణి. మామ లెక్కలో మూడు మణి. ఇద్దరూ మాట్లాడేది ఒకే దారి గురించి.

తగాదా మామ కొత్త ఇంటి గృహప్రవేశం రోజున మొదలైంది. అప్పుడు నా రెండో కాన్పు. అమ్మ ఆసుపత్రిలో నా దగ్గర ఉండిపోవడంతో నాయన ఒక్కడే వెళ్ళాడు. తొమ్మిది గంటలకు ముహూర్తం. నాయన పన్నెండు దాటాక వచ్చాడట. అప్పటికి హోమం ఆరిపోయింది, మొదటి పంక్తి వాళ్ళు చేతులు కడుక్కుంటున్నారు. ఆడపడుచు కొత్త ఇంటికి పుట్టింటివాళ్ళు సీరు తీసుకుపోవడం మాలో పెద్ద మర్యాద. వెండో ఇత్తడో పళ్ళెంలో పెట్టి, నలుగురూ చూస్తుండగా ఇవ్వాలి. మా నాయన చేతిలో మాత్రం ఒక పసుపు గుడ్డసంచి, అందులో ఒక టెంకాయ, రెండు తమలపాకులు ఉన్నాయట. ఆలస్యం ఎందుకయిందని మామ అడిగితే, ఆరు మణికి బస్సెక్కానని, ఐదు మణి దారని, పైగా రైల్వే గేటు పడిందని చెప్పాడట. మూడు మణి దారికి ఐదు మణి ఎట్లా పడుతుందని మామ అడిగాడట. అంతే. ఆ రోజు మొదలు ఇద్దరూ ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

మాటలు లేవని కాదు. ప్రతి ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటారు. అక్కడ వానెంత, ఇక్కడ వానెంత, పత్తి ఎట్లుంది, కొబ్బరి ఎట్లుంది. చివర్లో మామ ఎప్పుడొస్తావని అడుగుతాడు. ఐదు మణి దారి కదా బావా అని నాయన అంటాడు. మూడు మణేనని మామ అంటాడు. ఫోను అక్కడితో ఆగుతుంది. మేనత్త మాత్రం ఏడాదికి రెండుసార్లు ఒక్కతే బస్సులో వచ్చి పోతుంది. ఎంతసేపు పట్టిందని ఎవరైనా అడిగితే, బస్సెక్కగానే నిద్రపోతానని, తనకేమీ తెలియదని చెబుతుంది. మా వంశంలో రాయబారం నడపగల మనిషి ఆమె ఒక్కతే.

నేనొకసారి చదువుకున్నదాన్ని కదా అని మధ్యలో దూరాను. ఫోన్లో మ్యాపు తెరిచి దారి పెట్టి చూపించాను. నాలుగు గంటలని వచ్చింది. నాయన ఆ ఫోను బావ పక్షం మాట్లాడుతోందన్నాడు. మామకు చెబితే, కోయంబత్తూరులో కొన్న ఫోను ఇంకేం చెబుతుందన్నాడు. ఆ తర్వాత నేను తలదూర్చలేదు.

ఈ లోపల మా కొబ్బరి తోటలకు తెల్లదోమ పట్టింది. ఆకుల అడుగున తెల్లగా దూది అద్దినట్టు ఉంటుంది, పైన మసి. నాయన ఏవేవో మందులు కొట్టి చూశాడు. ఒక రోజు పొల్లాచ్చి సంతలో ఎవరో కొలంబోలో కొబ్బరి ప్రదర్శన జరుగుతోందని, యంత్రాలూ మందులూ కొత్త రకం మొక్కలూ అన్నీ ఒక్కచోట చూడొచ్చని చెప్పారట. నాయన నేరుగా పీలమేడు వచ్చేశాడు. మా మేడ మీద నుంచి రోజూ విమానాలు దిగుతూ కనిపిస్తాయి. వాటిలో కొలంబో పోయేది ఏదని అడిగాడు. ఇక్కడి నుంచి నేరుగా ఏదీ లేదని చెబితే, ఇన్ని విమానాలు తలమీద తిరుగుతూ ఏం చేస్తున్నాయని నన్నే నిలదీశాడు.

మదురై నుంచి ఉంది. గాలిలో కొలత వేస్తే మూడు వందల యాభై కిలోమీటర్లు, ప్రయాణం గంట లోపు. ఆ మాట చెప్పగానే నాయన ముఖం వెలిగింది.

"అంటే పొల్లాచ్చి నుంచి కోయంబత్తూరు," అన్నాడు.

ఆ క్షణం నుంచి ఆయన మనసులో కొలంబో రెండు వక్కాకుల దూరంలో స్థిరపడిపోయింది. మూడు రోజులు ఉండాలంటే, కోయంబత్తూరు పోతే మూడు రోజులు ఎవరుంటారన్నాడు. రెండో పంచె పెట్టుకోమంటే ఎందుకన్నాడు. పెట్టె వద్దు, చేతిసంచి చాలన్నాడు. అమ్మ ఆయనతో వాదించకుండా, ఆయన తోటకు పోయినప్పుడల్లా ఒక్కో బట్ట నా పెట్టెలో సర్దింది.

మామను తీసుకుపోదామన్న ఆలోచన నాది కాదు, మేనత్తది. నాయనకూ మామకూ పాస్‌పోర్టులు ఉన్నాయి. ఆరేళ్ళ కిందట నేపాలు యాత్రకని ఎవరికి వాళ్ళు తీయించుకుంటే యాత్ర ఆగిపోయింది, పుస్తకాల్లో ఒక్క ముద్ర కూడా లేదు. మేనత్త నాకు ఫోను చేసి, "ఆయన్ని కూడా పిల్చుకోని పో అమ్మణీ," అంది. "ఆకాశంలో ఇద్దురూ పక్కపక్కన కూర్చుంటే లేసి యాడికి పోతారు?"

నాయన మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఏదో తోచినట్టు ఒప్పుకున్నాడు. ఏం తోచిందో ప్రయాణం రోజున తెలిసింది.

విమానం మధ్యాహ్నం రెండున్నరకు. మూడు గంటల ముందే రమ్మన్నారు. నాయనకు అది నచ్చలేదు. ఒక మణి ప్రయాణానికి మూడు మణి ముందు రమ్మనేవాడికి వాడి బండి మీద వాడికే నమ్మకం లేదన్నాడు. అయినా ఉదయం ఆరు గంటలకు పొల్లాచ్చి నుంచి టాక్సీలో బయలుదేరాం. ఉడుమలపేటలో టీకి ఆపమన్నాడు. పళనిలో రోడ్డు మీదే దిగి, చెప్పులు విప్పి, కొండ వైపు తిరిగి చాలాసేపు దండం పెట్టుకున్నాడు. ఒట్టంచత్రంలో కూరగాయల సంత చూడాలన్నాడు. మునక్కాయలు ఎట్లున్నాయో విచారించి, ఒక్కటీ కొనకుండా వచ్చి కూర్చున్నాడు. దిండిగల్లులో పెట్టెకు తాళం కావాలన్నాడు. తాళాల ఊరు దాటిపోతూ తాళం కొనకుండా ఎవరు పోతారన్నాడు. నాలుగు కొట్లు తిరిగి తాళం కొన్నాం. ఆయనకు పెట్టె లేదు కాబట్టి దాన్ని నా పెట్టెకు వేశాడు. డ్రైవరు నన్ను అద్దంలోంచి చూశాడు, నేను కిటికీ వైపు చూశాను. ఆపిన చోటల్లా నాయన గడియారం చూసుకుంటున్నాడు.

పదకొండు దాటి ఎనిమిది నిమిషాలకు మదురై విమానాశ్రయం ముందు దిగాం. మామ అక్కడే, తెల్ల చొక్కా వేసుకుని, ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పక్కన మేనత్త. మేం ఆరుకు బయలుదేరామని నేను ఫోనులో చెప్పడంతో, మూడు మణి లెక్క వేసుకుని తొమ్మిదికే వచ్చి నిలబడ్డాడట. అప్పటి నుంచీ కూర్చోలేదట.

"ఐదు మణి ఆయె బావా," అన్నాడు నాయన, పలకరింపుకు బదులు.

"దావలో ఎన్ని చోట్ల దిగినావు?"

నాయన నా వైపు చూశాడు. నేను పెట్టె తాళం సరిగా పడిందో లేదో చూసుకున్నాను.

లోపలికి పోయాక అసలు కష్టం మొదలైంది. నాయన చేతిసంచి యంత్రంలోంచి పోయి ఆగింది. యూనిఫారంలో ఉన్న అమ్మాయి చాలా మర్యాదగా సంచి తెరవమంది. తెరిస్తే అందులో బట్ట ఒక్కటి లేదు. పాత పంచెలో కట్టిన రెండు కిలోల ఎండు కొబ్బరి ఉంది. మా తోటదే, మొదటి రకం, తెల్లగా గిన్నెల్లా ఉన్న చిప్పలు. కొలంబోవాళ్ళకు చూపించి, మా సరుకు ఎట్లాంటిదో తెలిసేట్టు చేయాలని తెచ్చాడు. ఎండు కొబ్బరి విమానంలో పనికిరాదని ఆ అమ్మాయి తమిళంలో చెప్పింది. ఎందుకని నాయన అడిగాడు. నూనె ఎక్కువ కాబట్టి అంటుకునే వస్తువుల పట్టీలో ఉందని చెప్పింది.

నాయన నొచ్చుకున్నాడు. నలభై ఏళ్ళుగా దాన్ని కళ్ళంలో ఎండబెడుతున్నానని, దాని మీద కూర్చున్నానని, దాని మీద పడుకున్నానని, ఒక్కసారి కూడా అంటుకోలేదని చెప్పాడు. ఆ అమ్మాయి తల ఊపింది, కానీ సంచి ఇవ్వలేదు. అప్పుడు మామ, పదకొండేళ్ళలో మొదటిసారి, బావమరిది పక్షాన నోరు విప్పాడు. తమిళంలో, కొంచెం గట్టిగానే, "కొబ్బరి కదమ్మా, బాంబా ఏమన్నా?" అన్నాడు.

ఆ హాల్లో అన్ని చప్పుళ్ళూ ఒక్కసారిగా ఆగినట్టు నాకనిపించింది. మరో ఇద్దరు వచ్చారు. మమ్మల్ని పక్కకు తీసుకుపోయారు. అరగంట పాటు ఎవరు, ఎక్కడి నుంచి, ఎందుకు పోతున్నారు, మళ్ళీ ఎప్పుడొస్తారు అని అడిగారు. నేను కాలేజీ గుర్తింపు కార్డు తీసి ఇచ్చాను. ఫిజిక్సు అని చూసి వాళ్ళు ఇంకా రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగారు. చివరికి ఒక పెద్దాయన వచ్చి, మామ వయసూ ముఖమూ చూసి, ఈ కట్టడంలో ఆ మాట ఇంకెప్పుడూ అనకండి తాతా అని చెప్పి వదిలేశాడు. కొబ్బరి మూటను నేను గేటు దగ్గరికి తీసుకుపోయి, బయట ఇంకా నిలబడి ఉన్న మేనత్తకు అందించాను. ఏమైందని ఆమె అడగలేదు. అడగనవసరం లేని ముఖాలు మావి.

ఆ తర్వాత మామ మాట్లాడటమే మానేశాడు. ఏ మాట అనొచ్చో ఏది అనకూడదో తెలియని చోట నోరు మూసుకోవడమే మేలని తీర్మానించుకున్నాడు. కాఫీ కావాలా అంటే చెయ్యి ఊపాడు. మూత్రానికి పోవాలంటే చిటికెన వేలు చూపించాడు. ముద్ర వేసే ఆఫీసరు పేరు అడిగితే పాస్‌పోర్టు మీద తన పేరును వేలితో చూపించాడు. ఆయనకు మాట రాదనుకుని ఆ ఆఫీసరు నాతో చాలా దయగా మాట్లాడాడు.

విమానంలో కిటికీ సీటు ఒకటే. పెద్దవాడని నాయన దాన్ని మామకు ఇచ్చాడు. మామ చేత్తో నాయనను కూర్చోమన్నాడు. నాయన వద్దన్నాడు. మామ ససేమిరా అని తల అడ్డంగా ఊపాడు. వెనక జనం ఆగిపోయారు. చివరికి విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. ప్రయాణమంతా ఇద్దరు ముసలాళ్ళూ నా మీద వాలి బయటికి చూశారు.

పైకి లేవగానే నాయన గడియారం చూసి సమయం గుర్తు పెట్టుకున్నాడు. కింద ఎర్రనేల, తాటిచెట్లు, ఉప్పుమడులు, తర్వాత ఒక్కసారిగా సముద్రం. నీళ్ళలో సన్నగా ఇసుక తిన్నెలు ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి. చిన్న పొట్లంలో ఏదో తినడానికి ఇచ్చారు. నాయన దాన్ని విప్పడానికి కొంతసేపు పట్టింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకునేసరికి బెల్టులు పెట్టుకోమని, కొలంబో వచ్చేస్తోందని చెప్పారు. నాయన నమలడం ఆపేశాడు. డ్రైవరు ఎందుకు ఇంత తొందరపడుతున్నాడని నన్ను అడిగాడు. తొందర ఏమీ లేదని, దూరం అంతేనని చెప్పాను. చక్రాలు నేలను తాకాక చూస్తే, లేచిన దగ్గర నుంచి యాభై ఐదు నిమిషాలు.

అప్పుడు మామ నోరు తెరిచాడు. కిటికీలోంచి చూస్తూనే అన్నాడు.

"పొల్లాచ్చి కన్నా దగ్గరే."

నాయన పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట వెటకారంగా అని ఉంటే నాయన దగ్గర వంద జవాబులుండేవి. మామ వెటకారంగా అనలేదు. చూసిన సంగతి చూసినట్టు చెప్పాడు. వేరే దేశానికి యాభై ఐదు నిమిషాలు, సొంత బావమరిది ఇంటికి పదకొండేళ్ళు. పక్కకు చూస్తే నాయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ముందు సీటు వెనక భాగాన్ని చూస్తున్నాడు.

విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి పోవడానికి విమానం కంటే ఎక్కువ సేపు పట్టింది. ఇల్లు వదిలి పన్నెండు గంటలయ్యాక లాడ్జిలో దిగాం. అందులో ఆకాశంలో ఉన్నది గంట కూడా లేదని లెక్క చెబితే, మిగతా పదకొండు మణి నువ్వు పాఠం చెప్పడానికి పనికొస్తాయిలే అన్నాడు నాయన. వాళ్ళిద్దరికీ ఒక గది, పక్కది నాది. గోడ పల్చన. పొద్దున్నే లేచేసరికి ఫ్యాను ఎంత వేగంలో పెట్టాలన్నదాని మీద వాదం వినిపించింది. ఒకరు ఐదు అన్నారు, ఒకరు మూడు అన్నారు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు కదా అని నేను ముఖం కడుక్కోవడానికి పోయాను.

ప్రదర్శన పెద్ద హాల్లో. కాయ వలిచే యంత్రాలు, పీచు దువ్వే యంత్రాలు, దోమను తినే పురుగులను పెంచే సీసాలు. నాయన ప్రతి దాని దగ్గరా నిలబడి, ముట్టుకుని, అడిగి, మళ్ళీ అడిగాడు. మామకు కొబ్బరితో సంబంధం లేదు. అయినా ఒక చిన్న నోటుపుస్తకం పట్టుకుని నాయన చెప్పింది రాసుకుంటూ వెనకాలే తిరిగాడు. వాళ్ళు తెలుగులో మాట్లాడుకోవడం విని, కాయలు అమ్మే ఒక తమిళాయన అది ఏ భాషని అడిగాడు. ఇంటి మాట అని నాయన చెప్పాడు. ఏ ఊరి నుంచి వచ్చిన మాట అని ఆయన మళ్ళీ అడిగాడు. ఎప్పుడో ఉత్తరం నుంచి నడిచి వచ్చామని, ఎన్నాళ్ళు నడిచారో తెలియదని నాయన అంటుండగా మామ అందుకున్నాడు.

"వీని ముత్తాత అయితే ఇంకా వస్తానే ఉంటాడు. టీకి దిగింటాడు."

నాయన నవ్వాడు. ఆపుకోలేక నవ్వాడు. నేను బయటపెట్టని ఉడుమలపేట టీ సంగతి మామ ఎట్లా కనిపెట్టాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

మధ్యాహ్నం హాలు బయట గట్టు మీద కూర్చుని నారింజ రంగు బొండాలు తాగాం. ఆ రంగు కాయను కొబ్బరి అని ఒప్పుకోవడానికి నాయన సిద్ధంగా లేడు. అయినా మూడు తాగాడు. ప్రదర్శనకు వచ్చినవాళ్ళందరికీ తలా ఒక గుడ్డసంచి ఇచ్చారు, దాని మీద ఏదో అచ్చు వేసి ఉంది. మామ తన సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా అన్నాడు, ఆ రోజు నువ్వు నా ఇంటికి తెచ్చింది కూడా ఇట్లాంటి సంచేనని. కోపంగా అనలేదు. సీరు లేకపోయినా తనకు బాధ లేదని, ఎవరో పంచిన తాంబూలం సంచి తెచ్చి చేతిలో పెట్టినందుకు మీ అక్క ఆ రోజు వంటింట్లో ఏడ్చిందని చెప్పాడు.

నాయన బొండాం కింద పెట్టాడు. తర్వాత తల ఎత్తకుండా అన్నాడు.

"బావా, ఆ పొద్దు నేను ఎనిమిదిన్నరకే వచ్చేస్తి."

"యాడికి?"

"మీ ఇంటికనుకుంటి."

ఆ తర్వాత చెప్పింది నేను కూడా మొదటిసారి విన్నాను. నాయన ఆ రోజు ఆరింటికి కాదు, నాలుగున్నరకే బస్సెక్కాడు. తిరుమంగలంలో దిగి, పెట్రోలు బంకు పక్క వీధిలో అరటిచెట్లు కట్టిన కొత్త ఇల్లు అని అడుగుతూ పోయాడు. అరటిచెట్లు కట్టిన కొత్త ఇల్లు కనిపించింది. ఆ రోజు ముహూర్తం మంచిది. ఆ పేటలో రెండు వీధుల్లో రెండు గృహప్రవేశాలు జరుగుతున్నాయి. గుమ్మంలోనే ఎవరో పన్నీరు చల్లి, గంధం పూసి, రండి రండి అని లోపలికి తీసుకుపోయారు. హోమం పొగలో కూర్చున్న జంట వీపులే కనిపించాయి. మగాయన బట్టతల అచ్చం మామదే. సీరు తెచ్చానని నాయన చెబితే, పక్కనున్న ఒక పెద్దావిడ పళ్ళెం పట్టింది. వెండి కుందుల జత అందులో పెట్టాడు. నలుగురూ చూశారు. అందరూ సంతోషించారు. టిఫిను తినమని లాక్కుపోయి కూర్చోబెట్టారు. పొంగలి, వడ, సాంబారు. తిని వచ్చేసరికి ఫోటోకు పిలిచారు. జంట మధ్యలో నిలబెట్టారు. అప్పుడు, ఫోటోగ్రాఫరు నవ్వమంటుండగా, నాయన కుడి పక్కకు చూశాడు, మామ కాదు. ఎడమ పక్కకు చూశాడు, అక్క కాదు.

వెండి తిరిగి ఇమ్మని ఎట్లా అడగాలో తెలియలేదట. గంధం పూశారు, పొంగలి పెట్టారు, మధ్యలో నిలబెట్టి ఫోటో తీశారు. తాంబూలం సంచి చేతిలో పెట్టి సాగనంపారు. రెండు గంటలు బస్టాండులో కూర్చుని, ఏం చెప్పాలో తోచక, చివరికి నెపం దూరం మీద నెట్టాడు. ఒకసారి ఐదు మణి అని చెప్పాక నాలుగుకు తగ్గడానికి దారి లేకపోయింది.

మామ అంతా విన్నాడు. తర్వాత ఒక్క ప్రశ్న అడిగాడు, ఆ కుందుల మీద నెమలి ఉంటుందా అని. ఉంటుందన్నాడు నాయన.

"చూసినాను," అన్నాడు మామ. "ప్రతి కార్తీకానికీ చూస్తాను. ఆ పక్క వీధి వాండ్ల వాకిట్లోనే పెడతారు. యాడ చేయించినారని నేను అడిగినాను కూడా."

అని నవ్వడం మొదలుపెట్టాడు. మామ నవ్వడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. చప్పుడు లేకుండా భుజాలు మాత్రం కదిలాయి, కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. నాయన మొదట భయపడ్డాడు, తర్వాత తనూ నవ్వాడు. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని చూస్తూ పోయారు. నవ్వు తగ్గాక మామ, ఆ రోజు నిజంగా ఎన్ని మణి పట్టిందని అడిగాడు. నాలుగు అన్నాడు నాయన. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. నేను బొండాం తాగుతున్నాను.

మూడో రోజు తిరుగు విమానం. మదురైలో దిగాక నాయన పొల్లాచ్చి టాక్సీ గురించి అడగనే లేదు. మామ వెంట తిరుమంగలం బండిలో ఎక్కి కూర్చున్నాడు. ఇంట్లో మేనత్త మంచినీళ్ళు ఇచ్చింది. మామే మొత్తం చెప్పాడు, మూడేళ్ళకు సరిపడా మాటలు ఒక్కసారే మాట్లాడాడు. మేనత్త చెంబు పట్టుకుని నిలబడి విన్నది. నవ్వలేదు, కోపగించుకోలేదు. తమ్ముడి నెత్తి మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు అట్లాగే ఉంచింది.

"అంత పొంగలి తినేసి, మళ్ళీ నా ఇంట్లో ఎట్ల అన్నం తింటివిరా?" అంది.

"నువ్వు వడ్డిస్తివి, తింటి," అన్నాడు నాయన.

సాయంత్రం ఆమె మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని పక్క వీధికి తీసుకుపోయింది. ఆ ఇంటాయన తాలూకాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనా ఆయన భార్యా నాయన ముఖం చూడగానే లేచి నిలబడ్డారు. ఆవిడ పరుగున లోపలికి పోయి ఒక ఆల్బం తెచ్చింది. అందులో పెద్ద ఫోటో, ఆ దంపతుల నడుమ మా నాయన, నుదుటి మీద గంధం, చేతిలో సంచి, చూపు ఒక పక్కకు, నోరు కొంచెం తెరిచి. ఇంటికి బంధువులెవరు వచ్చినా ఈ ఫోటో చూపించి ఈయన ఎవరో తెలుసా అని అడిగేవాళ్ళట. ఆయన ఇన్నాళ్ళూ నాయనను భార్య తరఫు బంధువనుకున్నాడు. వెండి పెట్టేంత దగ్గర బంధువును పెళ్ళయినన్నాళ్ళూ తనకు పరిచయం చేయలేదని ఆమె మీద కొంచెం కోపం కూడా ఉందట. ఆవిడ భర్త తరఫనుకుంది. ఆమెకూ అదే కోపం.

మేనత్త జరిగింది చెప్పింది. ఆవిడ మారు మాట లేకుండా కుందులు తెచ్చి, తుడిచి, పూలతో సహా పళ్ళెంలో పెట్టి మేనత్త ముందుకు చాపింది. మేనత్త వాటిని ఒక్కొక్కటీ తీసి చూసింది. నెమలి మెడ వేలితో నిమిరింది. తర్వాత పళ్ళెం వెనక్కి తోసింది. ఇన్నేళ్ళు మీ దేవుడి ముందు వెలిగినవి తీసుకుపోకూడదని, తన తమ్ముడు తనకు వేరే జత తెస్తాడని చెప్పింది. ఎప్పుడు తెస్తాడో చెప్పలేదు. నాయన కూడా ఎప్పుడని అడగకుండా తల ఊపాడు.

కాఫీలు వచ్చాయి. కాఫీ తాగినంతసేపూ ఆ పెద్దాయన నాయనను చూస్తూనే ఉన్నాడు, ఏదో ఇంకా నమ్మకం కుదరనట్టు. చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

"అట్లైతే మీరు మాకు ఏమీ కారా?"

కామని నాయన ఒప్పుకున్నాడు. ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. పదకొండేళ్ళుగా ఉన్న ఒక బంధువు, కాఫీ చల్లారేలోగా పోయాడు మరి. ఆవిడ నాయన గ్లాసులో ఇంకొంచెం కాఫీ పోసింది.

"అయితే ఏమి," అంది భర్తతో. "ఇద్దరి తరఫూ అనుకుందాము."